పెట్టె మీది అంకె దేనికి కొలత? పిల్లల వయసు, బొమ్మల ఎంపిక

బొమ్మల దుకాణంలో అట్టపెట్టె మూలన "3+" అని చిన్నగా అచ్చయ్యే అంకెను మన ఇళ్లలో చాలామంది బడిలో తరగతి అంకెను చదివినట్టు చదువుతారు. రెండేళ్లు నిండని బిడ్డ చేతికి ఆ పెట్టె ఇస్తూ "మావాడు వయసుకు మించిన చురుకు" అని మురిసిపోవడం, దుకాణదారుడు కూడా "తెలివైన పిల్లలు ఇంకా ముందే ఆడేస్తారండీ" అని వంత పాడడం మామూలే. కానీ ఆ అంకె బిడ్డ తెలివిని కొలిచి వేసినది కాదు. శ్వాసనాళం ఎంత సన్నగా ఉంది, నమిలే దవడ పళ్లు వచ్చాయా, గొంతులో ఏదైనా అడ్డుపడితే దగ్గి బయటికి నెట్టేంత బలం ఉందా, చేతికి దొరికినదల్లా నోట్లో పెట్టుకునే దశ దాటిందా అన్న లెక్కల మీద నిలబడిన అంకె అది. ఎంత చురుకైన బిడ్డకైనా ఇరవై నెలలప్పుడు ఉండేది ఇరవై నెలల గొంతే. అట్టముక్కల చిత్రాన్ని కూర్చే ఆట మీద "6+" అని ఉంటే అది చాలావరకు నేర్పుకు సంబంధించిన సూచన, దాన్ని కాస్త అటూ ఇటూ చేసుకోవచ్చు. మూడేళ్ల లోపువారికి తగదని చెప్పే అంకె, వలయంలో చిన్నపిల్ల ముఖం పక్కన "0–3" అని వేసి అడ్డగీత కొట్టిన గుర్తు మాత్రం అలా సర్దుకునేవి కావు.

నాలుగైదు నెలల వయసు నుంచి సుమారు మూడేళ్లు వచ్చేదాకా బిడ్డకు లోకాన్ని తెలుసుకునే పనిముట్టు నోరే. వస్తువు గట్టిదా మెత్తదా, చల్లనిదా, గరుకుదా అన్నది వేళ్ల కన్నా నాలుకే ముందు చెబుతుంది కాబట్టి దాన్ని మాన్పించాలని చూడడం వృథా. నోట్లో పెట్టుకున్నా ప్రమాదం లేని వస్తువును చేతికివ్వడమే దారి. బొమ్మలను పరీక్షించే ప్రయోగశాలల్లో దీనికోసం ఒక చిన్న గొట్టం వాడతారు. దాని వెడల్పు 31.7 మిల్లీమీటర్లు, ఏటవాలుగా ఉండే అడుగు లోతు 25.4 నుంచి 57.1 మిల్లీమీటర్లు. పసివాడి నోరు, గొంతు కొలతలను దృష్టిలో పెట్టుకుని రూపొందించిన గొట్టం అది. బొమ్మ గానీ, దాని నుంచి ఊడివచ్చిన ముక్క గానీ అదిమిపెట్టకుండానే అందులో పూర్తిగా పట్టేస్తే అది మూడేళ్ల లోపువారికి పనికిరాదు. ఇంట్లో అలాంటి గొట్టం లేకపోయినా అంచనాకు ఆధారం దొరుకుతుంది: పది రూపాయల నాణెం వ్యాసం 27 మిల్లీమీటర్లు, అంటే గొట్టం మూతి ఆ నాణెం కన్నా ఒకింత పెద్దదంతే.

గుండ్రని వస్తువుల సంగతి వేరు, అక్కడ ఈ గొట్టం కూడా చాలదు. మెత్తని రబ్బరు బంతి నొక్కుకుపోయి గొంతు వెనుక బిరడాలా కూర్చుంటుంది, తడి వల్ల వేలితో పట్టుకోవడానికీ చిక్కదు. అందుకే అమెరికా నిబంధనల్లో మూడేళ్ల లోపు పిల్లల బంతులకు 44.5 మిల్లీమీటర్లను కనీస హద్దుగా పెట్టారు. మన వాడుకలో చెప్పాలంటే నిమ్మకాయంత బంతి వద్దు, బత్తాయికాయంత అయినా ఉండాలి. ఒకవేళ గొంతులో ఏదైనా ఇరుక్కుంటే, కనబడని వస్తువు కోసం గుడ్డిగా వేలు పెట్టి కెలకడం దాన్ని ఇంకా లోపలికి నెట్టడమే అవుతుంది. ఏడాది లోపు బిడ్డను తల కిందికి ఉండేలా ముంజేతిపై బోర్లా పడుకోబెట్టి రెండు భుజాల మధ్య అరచేతి మడమతో అయిదుసార్లు తట్టడం, వెంటనే 108కు ఫోన్ చేయించడం పెద్దవాళ్లందరూ నేర్చుకోదగ్గ పని.

ఈ కొలతలు పట్టుకుని చూస్తే మన ఇళ్లలో అలవాటుగా ఉన్న ఆటవస్తువులు కొన్ని కొత్తగా కనిపిస్తాయి. గోలీలు, గచ్చకాయలు, వామనగుంటలకు వాడే చింతగింజలు అన్నీ ఆ గొట్టంలో సులువుగా పట్టేవే. పెద్దపిల్లలకు అవి మేలైన ఆటలు, లెక్కలు నేర్పుతాయి, చేతికి గురి నేర్పుతాయి. పాకే బిడ్డ ఉన్న గదిలో నేలమీద మాత్రం వాటికి చోటు లేదు. చింతగింజ ముక్కులో దూరితే తడికి ఉబ్బి మరింత బిగుసుకుంటుంది. తిరునాళ్లలో అమ్మే చౌక ప్లాస్టిక్ ఈలల్లో నోట్లో పెట్టుకునే కొసనే చిన్న ముక్క బిగించి ఉంటుంది, గట్టిగా గాలి పీల్చినప్పుడు అది ఊడితే నేరుగా ఊపిరితిత్తుల దారి పడుతుంది. చిరుతిళ్ల ప్యాకెట్లలో ఉచితంగా వచ్చే బొమ్మల సంగతి ఇంకా ఘోరం, ఎందుకంటే తినే వస్తువుల మధ్య నుంచి వచ్చినదాన్ని తినేదిగానే బిడ్డ అనుకుంటుంది. 2017లో ఏలూరులో ఒక చిన్నారి ప్రాణం అలాగే పోయింది.

ఇక బుడగ. పుట్టినరోజు పండగ బుడగ లేకుండా జరగదు, దాన్ని ఎవరూ ప్రమాదంగా చూడరు. ఊదని బుడగ, పగిలిన బుడగ ముక్క గొంతు దారి మీద పొరలా అతుక్కుపోయి ఊపిరిని పూర్తిగా ఆపేస్తాయి. పిల్లల ఊపిరి ఆపి ప్రాణం తీసే ఆటవస్తువుల్లో ముందువరుసలో ఉన్నది బుడగే కాబట్టి, అమెరికాలో ఎనిమిదేళ్ల లోపు పిల్లలకు ముప్పు అన్న హెచ్చరిక దాని ప్యాకెట్ మీద తప్పనిసరి. వేడుక అయ్యాక నేలమీద పడి ఉన్న రబ్బరు ముక్కలను ఊడ్చి పారేయడం అలంకరణ చేసినవారి పనిలో చివరి భాగంగా భావించాలి.

చట్టం వైపు నుంచి చూస్తే మన దేశంలో పరిస్థితి కొంత మారింది. 2019లో భారత నాణ్యతా మండలి ఢిల్లీ పరిసరాల మార్కెట్‌లో కొన్న బొమ్మలను పరీక్షించినప్పుడు దిగుమతి సరుకులో దాదాపు మూడింట రెండు వంతులు ప్రమాణాలకు తూగలేదు. 2020లో కేంద్రం బొమ్మల నాణ్యతా నియంత్రణ ఉత్తర్వు తెచ్చింది, అది 2021 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది. దాని ప్రకారం 14 ఏళ్ల లోపు పిల్లలు ఆడుకోవడానికి ఉద్దేశించిన బొమ్మ దేశంలో తయారైనా, బయటినుంచి వచ్చినా ఐఎస్‌ఐ గుర్తు లేకుండా అమ్మకూడదు. మామూలు బొమ్మలకు ఐఎస్ 9873, కరెంటుతోనో బ్యాటరీతోనో పనిచేసేవాటికి ఐఎస్ 15644 ప్రమాణం వర్తిస్తుంది. గుర్తుకు పైన ప్రమాణం సంఖ్య, కింద "సీఎం/ఎల్" అక్షరాలతో మొదలయ్యే లైసెన్సు సంఖ్య ఉండాలి. అవి రెండూ లేని ఐఎస్‌ఐ ముద్ర ఉత్త బొమ్మగీతే. భారతీయ ప్రమాణాల సంస్థ వారి 'బీఐఎస్ కేర్' యాప్‌లో ఆ లైసెన్సు సంఖ్య కొడితే తయారీదారు పేరు, లైసెన్సు చెల్లుబాటులో ఉన్నదీ లేనిదీ తెలుస్తుంది. రెండు నిమిషాల పని, కానీ కౌంటరు దగ్గర నిలబడి ఆ పని చేసేవారు అరుదు.

గుర్తుంటే చాలునా అంటే చాలదు. పేరున్న సంస్థ కాబట్టి భయం లేదన్న నమ్మకం కూడా పూర్తిగా నిలబడేది కాదు. ప్రపంచంలోనే పెద్ద బొమ్మల సంస్థల్లో ఒకటైన మాటెల్ 2007లో సీసం కలిసిన రంగు వల్ల, ఊడివచ్చే చిన్న అయస్కాంతాల వల్ల లక్షలకొద్దీ బొమ్మలను మార్కెట్ నుంచి వెనక్కి తీసుకోవలసి వచ్చింది. సీసం కంటికి కనబడదు, వాసన ఉండదు, చప్పరించినప్పుడు రంగుతోపాటు కొద్దికొద్దిగా లోపలికి పోతుంది, ఎదిగే మెదడుకు హాని చేస్తుంది. ఇంట్లో దాన్ని పరీక్షించే నమ్మదగ్గ సులువు మార్గం లేదు గనుక, గోటితో గీకితే రాలే రంగున్న బొమ్మను పసిపిల్లలకు ఇవ్వకపోవడం, గోడ రంగుల్లో సీసానికి 90 పీపీఎం (పది లక్షల భాగాల్లో 90) హద్దు అమల్లోకి వచ్చిన 2017 నవంబరుకు ముందు రంగు వేసిన పాత చెక్క గుర్రాలు, ఊయల బల్లలను ఇప్పటి బిడ్డ చప్పరించకుండా చూడడం తప్ప వేరే దారి లేదు. తాతగారు ఆడుకున్న గుర్రమన్న మమకారం ఉంటే షోకేసులో పెట్టుకోవచ్చు.

ఇక్కడ తెలుగు పాఠకులకు ప్రత్యేకంగా పట్టింపు ఉన్న విషయం ఒకటుంది. పైన చెప్పిన ఉత్తర్వు నుంచి హస్తకళల అభివృద్ధి కమిషనర్ దగ్గర నమోదైన చేతివృత్తులవారి బొమ్మలకు, భౌగోళిక గుర్తింపు (జీఐ) పొందిన బొమ్మలను ఆ గుర్తింపు కింద నమోదైనవారు చేస్తే వాటికి మినహాయింపు ఇచ్చారు. కొండపల్లి, ఏటికొప్పాక, నిర్మల్ బొమ్మలు ఈ కోవలోకి వస్తాయి. ఒక్కొక్క కుటుంబం పెరట్లో కూర్చుని చేసే పనికి లైసెన్సు రుసుములు, ప్రయోగశాల పరీక్షలు మోపితే ఆ వృత్తే మూతపడుతుంది కాబట్టి మినహాయింపు న్యాయమైనదే. అయితే మినహాయింపు అంటే పరీక్షలో నెగ్గడం కాదు, పరీక్ష అడగకపోవడం. ఆ తేడా కొనేవారికి తెలియాలి.

అందువల్ల చేతిబొమ్మలన్నిటినీ ఒకే గాటన కట్టకూడదు. అనకాపల్లి జిల్లాలో వరాహ నది ఒడ్డున ఉన్న ఏటికొప్పాకలో అంకుడు కర్రను తరిణె (కర్రను తిప్పుతూ చెక్కే యంత్రం) పట్టి, తిరుగుతుండగానే లక్క అద్ది, ఆ రాపిడి వేడికే లక్క కరిగి కర్రకు పట్టేలా చేస్తారు. గింజలు, బెరడు, వేళ్లు, ఆకుల నుంచి తీసిన సహజ రంగులను అక్కడ తిరిగి నిలబెట్టిన కృషికి సి.వి. రాజు గారికి 2023లో పద్మశ్రీ వచ్చింది. తరిణె మీద తయారైన వస్తువుకు మూలలు, కోణాలు ఉండవు. లక్కపూత రేకుల్లా ఊడదు. బిడ్డ చేతికి నేరుగా ఇవ్వదగ్గ సుగుణాలివి. గిలక్కాయ, తోసుకుంటూ పోయే బండి, కాస్త పెద్దయ్యాక లక్కపిడతలు ఇక్కడి నుంచి తెచ్చుకోవచ్చు. సహజ రంగులతో చేసినవేనా అని అడిగి తీసుకోవాలి, గిలక్కాయలోని గింజలు బయటపడే కంత లేకుండా చూసుకోవాలి. కొండపల్లి బొమ్మ దారి వేరు. తేలికైన తెల్లపొణికి కర్రతో భాగాలు విడివిడిగా చెక్కి, చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన ముద్దతో అతికించి, పైన రంగులు వేస్తారు. దశావతారాలు, తాటిచెట్టు ఎక్కే గీతకార్మికుడు, అంబారీ ఏనుగు చూడడానికి పుట్టినవి, సంక్రాంతి బొమ్మల కొలువులో కూర్చోవడానికి పుట్టినవి. కొలువు ముందు కూర్చోబెట్టి కథ చెప్పించుకునే వయసు పిల్లలకు అవి గొప్ప ఆస్తి. చప్పరించే బిడ్డకు కావు. నిర్మల్ బొమ్మలకూ ఇదే మాట వర్తిస్తుంది. ఇందులో కళను తక్కువ చేయడమేమీ లేదు, వీణను గిలక్కాయగా వాడరు కదా.

వయసుల వారీగా వస్తే మొదటి ఏడాదిలో కొనవలసినవి నిజానికి చాలా తక్కువ. పుట్టిన కొత్తలో బిడ్డకు 20 నుంచి 30 సెంటీమీటర్ల దూరంలో ఉన్నదే స్పష్టంగా కనిపిస్తుంది, అది దాదాపు పాలిచ్చే తల్లి ముఖం ఉండే దూరం. ఊయలకు చిలకలు వేలాడదీయడం మనవాళ్లు ఎప్పటినుంచో చేస్తున్న పనే. అవి చూపుకు అందాలి గానీ చేతికి అందకూడదు, బిడ్డ లేచి కూర్చోవడం మొదలుపెట్టగానే తీసేయాలి. జానెడు మించిన దారం ఏ బొమ్మకున్నా పడక దగ్గర ఉండకూడదు, మెడకు చుట్టుకుంటుంది. నిద్రపోయే చోట దూది బొమ్మలు, దిండ్లు కూడా వద్దనే పిల్లల వైద్యులు చెబుతారు. మూడు నాలుగు నెలలకు చెయ్యి చాచడం, ఆరు నెలలకు ఒక చేతిలోది రెండో చేతికి మార్చడం, తొమ్మిది పది నెలలకు బొటనవేలు, చూపుడువేలుతో చిన్న నలుసును కూడా ఏరడం వస్తాయి. ఈ చివరి నేర్పు వచ్చిన రోజు నుంచే ఇంట్లో నేల మీద ఏముందో పెద్దలు మోకాళ్ల మీద వంగి చూసుకోవడం అవసరం. ఎనిమిది తొమ్మిది నెలలకు దాచిన వస్తువు ఎక్కడికీ పోలేదని తెలుస్తుంది, కొంగు చాటున దాచిన గిన్నె తీసి చూపితే కేరింతలు కొట్టేది అందుకే. స్టీలు గ్లాసులు ఒకదాంట్లో ఒకటి పెట్టే ఆటకు సాటివచ్చే ఖరీదైన బొమ్మ ఆ వయసుకు అరుదు.

నడక వచ్చే వేళకు బంధువులు తెచ్చే కానుకల్లో చక్రాల వాకర్ ఒకటి. బిడ్డను మధ్యలో కూర్చోబెట్టే ఈ వాకర్ నడక నేర్పదు; సొంతంగా నిలబడి, పడి, లేచి సాధించవలసిన బ్యాలెన్స్‌ను అది తన చక్రాల మీద మోసి ఆ సాధన తగ్గిస్తుంది. పైగా కన్ను మూసి తెరిచేలోగా గడప దాకా, మెట్ల దాకా, పొయ్యి దాకా బిడ్డను చేరుస్తుంది. కెనడా 2004లో దీని అమ్మకాన్ని, దిగుమతిని పూర్తిగా నిషేధించింది, వాడినదాన్ని మళ్లీ అమ్మడం కూడా అక్కడ కుదరదు. మన పాత మూడు చక్రాల చెక్క నడకబండి పేరులో ఒకటే గానీ పనిలో పూర్తిగా వేరు: దాన్ని బిడ్డ తన కాళ్ల మీద నిలబడి, పట్టుకుని తోయాలి, బరువు కాళ్ల మీదే ఉంటుంది. అది కూడా తేలిగ్గా ఉంటే ముందుకు జారిపోతుంది కాబట్టి బరువైనది చూసి తీసుకోవాలి, మెట్లున్న చోట పక్కన ఒకరుండాలి.

ఏడాదిన్నర దాటాక "ఉత్తుత్తి" ఆట మొదలవుతుంది. ఖాళీ గ్లాసులో కాఫీ పోయడం, బొమ్మకు జో కొట్టడం, రిమోట్‌ను చెవికి పెట్టి మాట్లాడడం. ఇక్కడినుంచి అయిదారేళ్ల దాకా బొమ్మ ఎంత తక్కువ పని చేస్తే బిడ్డ అంత ఎక్కువ పని చేస్తుంది. బటన్ నొక్కగానే పాడి, వెలిగి, ఇంగ్లీషులో అంకెలు చెప్పే బొమ్మల్ని చదువు నేర్పేవిగా అమ్ముతున్నారు. అమెరికాలోని నార్తర్న్ ఆరిజోనా విశ్వవిద్యాలయంలో 10 నుంచి 16 నెలల పిల్లలు, వారి తల్లిదండ్రులు కలిసిన 26 జంటల మీద జరిగి 2015 చివర్లో వెలువడిన చిన్న అధ్యయనంలో తేలిందేమిటంటే, అలాంటి ఎలక్ట్రానిక్ బొమ్మలతో ఆడేటప్పుడు తల్లిదండ్రులు మాట్లాడే మాటలు తగ్గాయి, బిడ్డ శబ్దాలకు బదులివ్వడం తగ్గింది. పుస్తకాలతో ఆడినప్పుడు మాటలు అన్నిటికన్నా ఎక్కువ. బొమ్మ మాట్లాడుతుంటే మనిషి ఊరుకుంటాడన్నమాట. రెండేళ్ల లోపు టీవీ, ఫోన్ వంటి తెర అసలు వద్దని, రెండు నుంచి అయిదేళ్ల మధ్య రోజుకు గంట మించవద్దని భారతీయ శిశువైద్యుల అకాడమీ చెప్పింది కాబట్టి, పిల్లల ట్యాబ్ అన్న పేరుతో వచ్చే వస్తువు బొమ్మల లెక్కలోకి రాదు, తెర లెక్కలోకే వస్తుంది.

మూడు నుంచి అయిదేళ్ల పిల్లలకు పెద్ద దిమ్మెలు, పిండిముద్దలు, మందమైన రంగుబలపాలు, లక్కపిడతలు, దుస్తులు మార్చే బొమ్మలు చాలు. నీళ్లలో వేస్తే ఉబ్బే రంగు జెల్ పూసలు కొన్నేళ్లుగా ఈ వయసు పిల్లల ఇళ్లలోకి చేరాయి. ఎండుగా ఉన్నప్పుడు ఆవగింజంతో మిరియపు గింజంతో ఉండి మిఠాయిలా మెరుస్తాయి. మింగితే పేగులో తడి పీల్చుకుని ఉబ్బి దారి మూసేస్తాయి, ఎక్స్‌రేలో సరిగా కనబడవు కాబట్టి వైద్యుడికి కారణం దొరకడం ఆలస్యమవుతుంది. చిన్నపిల్లలున్న ఇంట్లో వీటికి సురక్షితమైన వాడుక విధానమంటూ లేదు.

ఆరేళ్లు దాటాక నోటి ప్రమాదం తగ్గిందని పెద్దలు ధైర్యపడతారు, చాలావరకు నిజమే. గాలిపటానికి నూలు దారమే కొనాలి. నైలాన్, గాజుపొడి మాంజాను జాతీయ హరిత ట్రిబ్యునల్ 2017లో నిషేధించినా సంక్రాంతి వేళ హైదరాబాద్‌లో రహస్యంగా దొరుకుతూనే ఉంది. సైకిల్, స్కేట్లు కొన్నరోజే హెల్మెట్ కొనాలి, తర్వాత కొందామనుకున్న హెల్మెట్ ఇంటికి రాదు. వీటికన్నా తక్కువ తెలిసిన ప్రమాదాలు రెండున్నాయి. శక్తిమంతమైన చిన్న అయస్కాంత గుండ్లు రెండు వేర్వేరు సమయాల్లో మింగితే పేగు మడతల మధ్య ఒకదాన్నొకటి పట్టుకుని గోడను నొక్కి రంధ్రం చేస్తాయి. రెండోది బటన్ సెల్. బొమ్మలో, రిమోట్‌లో, పాట పాడే గ్రీటింగ్ కార్డులో ఉండే 20 మిల్లీమీటర్ల లిథియం సెల్ అన్నవాహికలో ఇరుక్కుంటే అక్కడి తడి వల్ల కరెంటు పారుతుంది, రుణధ్రువం వైపు ఘాటైన క్షారం పుడుతుంది, రెండు గంటల్లోనే అన్నవాహిక గోడ తీవ్రంగా కాలిపోవచ్చు. బొమ్మను ఆడించలేని "అయిపోయిన" సెల్‌లో కూడా అంతటి శక్తి మిగిలే ఉంటుంది. అందుకే సెల్ పెట్టే అరకు స్క్రూ లేని బొమ్మను ఇంటికి తేకూడదు. తీసేసిన సెల్‌ను రెండువైపులా టేపు చుట్టి పారేయాలి. మింగిందన్న అనుమానం వచ్చినా వాంతి చేయించకుండా ఎక్స్‌రే ఉన్న ఆసుపత్రికి వెంటనే వెళ్లాలి. ఏడాది దాటిన బిడ్డ మింగి పన్నెండు గంటలు కాలేదంటే దారిలో పది నిమిషాలకోసారి రెండు చెంచాల తేనె ఇవ్వడం గాయాన్ని నెమ్మదింపజేస్తుందని విషచికిత్సా నిపుణుల మార్గదర్శకాలు చెబుతున్నాయి, అయితే తేనె కోసం ప్రయాణం ఆపకూడదు.

ఒక్క బిడ్డే ఉన్న ఇంటికి ఇంతవరకు చెప్పినది సరిపోతుంది. అక్కకు ఏడేళ్లు, తమ్ముడికి పదినెలలు ఉన్న ఇంట్లో పెట్టె మీది అంకెకు అర్థం మారిపోతుంది, ఎందుకంటే అక్క బొమ్మలన్నీ తమ్ముడి బొమ్మలే. చిన్న దిమ్మెలతో కట్టే సెట్లు, పూసలు గుచ్చే ఆట, గచ్చకాయలు అక్కకు మాన్పించడం అన్యాయం. ఆమె వయసుకు అవి కావాలి. బల్ల మీదే ఆడుకునే ఒక స్థలం, తమ్ముడు తెరవలేని గట్టి మూత ఉన్న స్టీలు డబ్బా, ఆట అయ్యాక ముక్కలు లెక్కపెట్టి డబ్బాలో వేసే అలవాటు ఉంటే చాలావరకు సరిపోతుంది. ఆ లెక్కపెట్టడాన్ని అక్కకే అప్పగిస్తే ఆమె దాన్ని కూడా ఆటగానే చేసుకుంటుంది, ఒక ముక్క తక్కువైతే మంచం కిందికి దూరి వెతికేది కూడా ఆమే.